చిన్న కారుకు పెద్ద కార్బరేటర్

డెబ్బైల మొదట్లో బోధన్‌లో సొంత కారున్న ఆడ డాక్టరు అని నన్ను చూపించి చెప్పుకునేవారు. ఆ రోజుల్లో అది పెద్ద మాటే. నిజానికి ఆ కారు గురించి నాకు తెలిసినవి రెండే సంగతులు. వెనక తలుపు గట్టిగా లాగితే తప్ప పడదు. ఎండ ముదిరితే దారిలో ఆగిపోతుంది.

మా బాపు నిజామాబాద్ పసుపు మార్కెట్లో గుమాస్తా. హైదరాబాదులో నా చదువు పూర్తయ్యాక, పట్నంలోనే ఉండిపొమ్మని ఎందరు చెప్పినా వినకుండా తిరిగి వచ్చి బోధన్‌లో నాలుగు మంచాల ఆసుపత్రి పెట్టాను. మంజీర ఒడ్డు పల్లెల్లో కాన్పు కష్టమైతే నాకోసం ఎడ్లబండి పంపేవారు. బండి వచ్చి, నన్ను ఎక్కించుకుని, మళ్ళీ ఆ ఊరు చేరేసరికి జరగవలసింది ఏదో ఒకటి జరిగిపోయి ఉండేది. అట్లాంటివి మూడు చూశాక కారు కొన్నాను. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు వాడి వాడి అమ్మేసిన చిన్న విలాయతీ కారు. బూడిద రంగు, గుండ్రటి వీపు.

దాన్ని నడపడానికి ఒక పెద్దమనిషి కుదిరాడు. యాభై దాటిన మనిషి. పాతికేళ్ళు చెరకు లారీలు నడిపి, దుమ్ముకు దగ్గు పట్టి మానేశాడు. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను డాక్టరమ్మా అనేవాడు. కారును ఆయన చూసుకున్నట్టు నేను నా పేషెంట్లను కూడా చూసుకున్నానో లేదో అనిపిస్తుంది. పొద్దున్నే తడిబట్టతో తుడిచేవాడు. వానలో వెళ్ళి వస్తే చక్రాల కింద కూర్చుని పుల్లతో బురద గీకేవాడు. అంతా చేసినా ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది ఆగేది. కాసేపు బానెట్ ఎత్తి పెట్టి, తడిగుడ్డ కప్పి, చల్లారాక బతిమాలితే కదిలేది. వంతెన ఎక్కేటప్పుడు రొప్పేది. సైకిలు మీద పాలవాళ్ళు మమ్మల్ని దాటి పోతూ వెనక్కి తిరిగి చూసి నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది. ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

ఒక సంక్రాంతి తర్వాత నిజామాబాద్‌లో ఒక కుర్ర మెకానిక్ సంగతి ఆయన చెవిన పడింది. బొంబాయిలో పని నేర్చుకుని వచ్చి కొత్తగా షాపు పెట్టాడట. పాత బండ్లకు కొత్త సామాను బిగించి గుర్రాల్లా ఉరికిస్తాడట. వారం రోజులు అదే మాట. చివరికి ఒకరోజు, మందులు తేవడానికి వెళ్ళినప్పుడు, నన్నూ ఆ షాపుకు తీసుకువెళ్ళాడు.

ఆ కుర్రవాడు మాటకారి. నేను డాక్టర్నని తెలియగానే నా భాషలోనే అందుకున్నాడు.

"డాక్టరమ్మా, మీ బండికి గుండె మంచిగనే ఉన్నది. గొంతె సన్నగున్నది. పెట్రోలు అందుత లేదు పాపం. పెద్ద కార్బరేటర్ ఏస్త. కరెంటు పంపు పెడ్త. గప్పుడు సూడుండ్రి దీని ఉరుకుడు."

బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. మా కారులో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లున్న మెరిసే కార్బరేటర్ ఒకటి. పిడికిలంత పెట్రోలు పంపు ఒకటి, దానికి ఎర్ర వైరు. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటుతో అదే పెట్రోలును తోస్తూ ఉంటుందట. మా డ్రైవరు ఆ కార్బరేటర్ను రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పుట్టిన బిడ్డను తాతలు అట్లా పట్టుకుంటారు.

ఎవరైనా వచ్చి నా ముందు కొత్త మందు పెడితే నేను అడిగే ప్రశ్నలు వేరు. ఎవరికిచ్చారు, ఎంతమందికి నయమైంది, ఎవరికి పడలేదు, పడకపోతే ఏం చెయ్యాలి. ఇవి అడగకుండా ఒక్క సీసా కూడా తీసుకునేదాన్ని కాదు. ఆ రోజు ఆ షాపులో నేను అడిగింది ఒక్కటే.

"ఎప్పటికి అయితది?"

"రేపు మాపటికల్ల తీస్కపోండ్రి" అన్నాడు.

ఆ కారు తిరిగి వచ్చిన తీరు చెప్పాలి. మా డ్రైవరు ఆసుపత్రి ముందు ఆపి దిగకుండా కూర్చున్నాడు, నేను వచ్చి ఎక్కాలని. ఎక్కాను. బస్టాండు దాటి నిజామాబాద్ వెళ్ళే ఎడపల్లి దారి పట్టగానే తొక్కాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. చెట్లు వెనక్కి పోతున్నాయి. వంతెన ఎప్పుడు ఎక్కామో ఎప్పుడు దిగామో తెలియలేదు. ఆయన అద్దంలోంచి నావైపు చూసి, "ఎట్లుందమ్మా?" అన్నాడు. పళ్ళన్నీ కనిపించాయి. ఆ మనిషి అట్లా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

"మంచిగున్నదన్నా" అన్నాను. మంచిగానే ఉంది. అబద్ధం కాదు.

రెండు నెలలు మంచిగానే ఉంది. పెట్రోలు మునుపటికంటే ఎక్కువ తాగుతున్నదని ఆయన ఒకటి రెండుసార్లు గొణిగాడు. పొద్దున్నే మొదట స్టార్టు చేసినప్పుడు వెనక నుంచి నల్లటి పొగ వచ్చేది. కొత్తది కదా, సర్దుకుంటుందని ఇద్దరం అనుకున్నాం.

మార్చి నెలాఖరు. చక్కెర ఫ్యాక్టరీ సీజన్ ముగింపుకు వచ్చింది. మిగిలిన చెరకంతా ఒక్కసారే నరికి తోలుతున్నారు. ఆ రోజు పొద్దున పది గంటల వేళ మంజీర పక్క పల్లెనుంచి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. మేనకోడలికి నిన్నటి నుంచి నొప్పులట, బిడ్డ చెయ్యి బయటికి వచ్చిందట. అరగంటలో వెళ్ళాం. అందుకు ఆ కారునే మెచ్చుకోవాలి.

ఇరవై ఏళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. తొలి కాన్పు, తల్లిగారింట్లో. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. లోపల చెయ్యి పెట్టి తిప్పడానికి అప్పటికే ఆలస్యమైంది, తిప్పబోతే గర్భసంచి పగిలేట్టుంది. పొట్ట మీద చెక్క గొట్టం పెట్టి విన్నాను. కడుపులోని బిడ్డ గుండె వినడానికి అప్పుడు మాకున్నది ఆ గొట్టమే. గట్టిగా, వడిగా కొట్టుకుంటోంది. మంచి గుండె. కోసి తీస్తే ఇద్దరూ బతుకుతారు. ఆ వసతి నా దగ్గర లేదు. నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

"పోదాం డాక్టరమ్మా, మన బండికి గంట పట్టదు" అన్నాడు డ్రైవరు, నేను అడగకముందే.

వెనక సీట్లో ఆ అమ్మాయిని పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. తల్లి కింద ఇరుక్కుని కూర్చుని కాళ్ళు పట్టుకుంది. నొప్పి తగ్గడానికి సూది ఇచ్చాను. బోధన్ దాకా ఎక్కడా ఆగలేదు.

బోధన్‌లో చెరకు బండ్ల వరుస రోడ్డు మీదికి వచ్చేసి ఉంది. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి. మా డ్రైవరు తల బయటపెట్టి కేకలు పెట్టాడు. "తొవ్వియ్యుండ్రి! లోపట కాన్పు మనిషున్నది!" బండ్లవాళ్ళు పాపం ఎద్దుల్ని అదిలించి పక్కకు లాగారు. కానీ ఎంత పక్కకు లాగగలరు? నాలుగడుగులు కదలడం, ఆగడం. మళ్ళీ నాలుగడుగులు. ఎండ నడినెత్తికి వచ్చింది. కారులో పెట్రోలు వాసన మొదలైంది. ఆ అమ్మాయి వాంతి చేసుకుంది.

చివరికి బండ్ల వరుస దాటి ఖాళీ రోడ్డు మీద పడ్డాం. ఆయన తొక్కాడు. కారు ముందుకు ఎగిరింది, తడబడింది, మళ్ళీ ఎగిరింది. వెనక నల్లటి పొగ. ఎడపల్లి ఇంకా రాకముందే, ఒక తుమ్మచెట్టు పక్కన, ఆగిపోయింది.

"ఏమైందన్నా?"

"ఏం గాదు డాక్టరమ్మా. జెర ఆగుండ్రి."

సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గిరగిర తిరిగింది గాని అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. దిగి బానెట్ ఎత్తాడు. నేను కిటికీలోంచి చూశాను. ఆ మెరిసే కార్బరేటర్ ఒళ్ళంతా తడిసి, పక్క నుంచి పెట్రోలు బొట్లుబొట్లుగా కారుతోంది. పంపు మాత్రం టిక్ టిక్ టిక్‌మని కొట్టుకుంటూనే ఉంది.

నేను గొట్టం తీసి పొట్ట మీద పెట్టి చెవి ఆనించాను. నాకు పంపు చప్పుడే వినిపిస్తోంది.

"అన్నా, తాళం తియ్యి. చప్పుడు బంద్ చెయ్యి" అన్నాను.

తీశాడు. నిశ్శబ్దమైంది. అప్పుడు వినిపించింది. ఉంది. కొంచెం నెమ్మదించినట్టుంది, కానీ ఉంది. గడియారం చూస్తూ లెక్కపెట్టాను.

ఆయన ప్లగ్గులు విప్పి తన తువ్వాలతో తుడిచాడు. ఊదాడు. ఎండలో పెట్టాడు. మళ్ళీ బిగించాడు. ఒక ప్లగ్గు జారి కింద పడింది. తాళం తిప్పాడు. టిక్ టిక్ టిక్. ఇంజను తిరిగింది. అందుకోబోయి ఆగింది. మళ్ళీ విప్పితే ప్లగ్గులు మళ్ళీ తడి. హ్యాండిల్ పెట్టి తిప్పాడు. దగ్గు తెర వచ్చి బంపరు పట్టుకుని కింద కూర్చున్నాడు. లేచి మళ్ళీ తిప్పాడు.

నేను ఆ అమ్మాయిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. చీర చెంగు తడిపి మొహం తుడిచాను. అంతకు మించి నేను చెయ్యగలిగింది ఏదీ లేదు. సంచిలో ఏమేం ఉన్నాయో నాకు తెలుసు. అయినా మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాను. రోడ్డు మీద సైకిళ్ళు తప్ప ఏమీ రావడంలేదు.

"ఇనవడుతుందా అమ్మా?" అని తల్లి అడిగింది.

"వినబడుతుంది" అన్నాను. అప్పుడు వినబడుతోంది. కానీ ఒక్కొక్క దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతోంది. పడుతుందా పడదా అని ఊపిరి బిగబట్టేంత ఎడం. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

మేము దాటి వచ్చిన ఆ చెరకు బండ్ల వరుసలోనే ఇరుక్కుపోయిన బస్సు ముప్పావు గంట తర్వాత వచ్చింది. మా డ్రైవరు రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు ఏమీ చెప్పకముందే జనం దిగడం మొదలుపెట్టారు. సగం బస్సు ఖాళీ అయింది. ఆ మిట్టమధ్యాహ్నం, సామాన్లతో, పిల్లలతో, ఆ ఎండలో దిగి నిలబడ్డారు. ఒక ముసలమ్మ తన బొంత మూట విప్పి పొడుగు సీటు మీద పరిచింది. ఆ అమ్మాయిని ఎత్తి పడుకోబెట్టాం. బస్సు ఏ ఊళ్ళోనూ ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రి గేటు దాకా పోయింది.

బస్సులో గొట్టం పెట్టి విన్నాను. ఇంజను మోత, కిటికీల మోత. ఇంకేమీ వినిపించలేదు. మోతవల్ల వినిపించడంలేదా, వినిపించడానికి ఏమీ లేకనా అన్నది తెలియక నిజామాబాద్ దాకా అట్లాగే వంగి చెవి ఆనించి కూర్చున్నాను.

ఆపరేషన్ వెంటనే చేశారు. తల్లి బతికింది. నిండు నెలల మగపిల్లవాడు, తలనిండా జుట్టు. ఊపిరి లేదు.

సాయంత్రం నేను వరండాలోకి వచ్చేసరికి మా డ్రైవరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మా కారు.

"స్టార్టయిందా?" అన్నాను.

"అయిందమ్మా. ఏం జెయ్యలే నేను. చెట్టు కింద కూసున్న. సల్లబడ్డంక ఒక్కసారి కొట్టిన. దానంతటదే అయింది." ఆయన నా మొహంలోకి చూడలేదు. "పిలగాడా?" అన్నాడు.

"పిలగాడే. పోయిండు."

ఇంతలో ఆ అమ్మాయి తల్లి లోపలి నుంచి వచ్చింది. మా ఇద్దరికీ చేతులు జోడించింది. "మీ కారు లేకుంటె నా బిడ్డ గూడ దక్కకపోతుండె. మీ కడుపు సల్లగుండ" అంది. మా డ్రైవరు గోడవైపు తిరిగాడు.  

మర్నాడు ఆ కుర్ర మెకానిక్ దగ్గరికి మేమిద్దరం వెళ్ళాం. నేను కోపంతోనే వెళ్ళాను. అతడు బానెట్ ఎత్తి చూసి, పెదవి విరిచి, "పంపు జోరు ఎక్కువైందమ్మా. దానికి ఇంకో పుర్జ పెట్టాలె, జోరు తగ్గిచ్చేది. తెప్పిస్త" అన్నాడు. అతడిలో మోసం కనిపించలేదు. నమ్మకమే కనిపించింది. అందుకే నాకు తిట్టడానికి నోరు రాలేదు. బండి తీసుకుని వచ్చేశాం.

బోధన్‌లో ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు, జీపులు బాగుచేసేవాడు. ఆయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన సగం రోజు ఇంజను దగ్గర కూర్చున్నాడు. ఒక్కో ప్లగ్గు కన్నంలో బొటనవేలు పెట్టి, మా డ్రైవరుతో హ్యాండిల్ తిప్పించి, గాలి ఎంత తోస్తోందో చూశాడు. తర్వాత చేతులు తుడుచుకుని నన్ను స్టూలు మీద కూర్చోమన్నాడు.

"బేటీ, ఇంజన్ చిన్నది. పిస్టన్ రింగులు అరిగినయి. అది ఎంత తాగాల్నో గంతే తాగుతది. నువ్వు పెద్ద కార్బరేటర్ పెట్టినవని ఎక్కువ గాలి గుంజుతదా? గుంజది. తేజ్ పోతుంటె ఎట్లనో కలిసి కాలుతది. మెల్లగ పోతుంటె పెట్రోలు గాలిల కలువది. పచ్చి పెట్రోలు లోపటికి పోతది. దానికి తోడు ఆ పంపు ఆగకుండ తోస్తుంటది. ఇంజన్ మునుగుతది. గంతే."

"మరి మొదట్ల మంచిగ ఉరికింది గద?" అన్నాను.

"గా పిలగాడు బిగించేటప్పుడు ఇంక ఏమేం చేసిండు?"

మా డ్రైవరు నెమ్మదిగా చెప్పాడు. కొత్త ప్లగ్గులు వేశాడు. పాయింట్లు సెట్ చేశాడు. గాలి వడకట్టే జాలీ కడిగాడు. ట్యాంకు విప్పి అడుగున ఉన్న తుప్పు కడిగాడు.

"గందుకే ఉరికింది" అన్నాడు మిస్త్రీ. "అవి చేసి పాతదే పెట్టినా ఉరుకుతుండె."

నాకు తెలియని సంగతి కాదది. టానిక్కు తాగి నయమైందని చెప్పేవాళ్ళు ఆ పదిహేను రోజులూ పనికి పోకుండా పడుకుని ఉంటారు, పూటపూటా తిని ఉంటారు. పేరు సీసాకు వస్తుంది. రోజూ నేను చూసే విషయం. నా కారు దగ్గరికి వచ్చేసరికి నేనూ సీసాకే దండం పెట్టాను.

మిస్త్రీ లేచాడు. లేస్తూ, మాటవరసకు, మా డ్రైవరుతో అన్నాడు. "మునిగినప్పుడు ప్లగ్గులు తుడిచి మళ్ళ తాళం తిప్పితె ఏం లాభం? పంపు మళ్ళ నింపుతది. గా ఎర్ర వైరు పీకాలె. పీకి, ఎక్సిలేటర్ మొత్తం తొక్కి పట్టి, సెల్ఫ్ కొట్టాలె. రెండు నిమిషాలల్ల స్టార్టు."

 మా డ్రైవరు ఆ వైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. ప్లగ్గుల నుంచి అరచెయ్యంత దూరం లేదు, ఎవరైనా వేళ్ళతో లాగేయగలిగిన వైరు.

"ఎవ్వలు జెప్పలే" అన్నాడు. "నాకు ఎవ్వలు జెప్పలే డాక్టరమ్మా."

"నేను అడగలేదన్నా" అన్నాను.

పాత కార్బరేటర్, పాత పంపు మా డ్రైవరు పారెయ్యలేదు, గుడ్డలో చుట్టి ఇంట్లో దాచాడు. మిస్త్రీ వాటిని తిరిగి బిగించి, రింగులు మార్చాడు. కారు మునుపటికంటే కొంచెం మేలుగా, కొత్త సామానుతో పోయినదానికంటే నెమ్మదిగా నడిచింది. ఎండలో అప్పుడప్పుడు ఆగడం మాత్రం మానలేదు. పాత సామానుతోనే ఉండి ఉంటే ఆ రోజు ఆగేది కాదా అని మిస్త్రీని ఒకసారి అడిగాను. ఆయన, "ఆగకపోవచ్చు. ఆగనూ ఆగొచ్చు. అబద్ధం ఎందుకు చెప్పాలె" అన్నాడు.

మా డ్రైవరు ఇంకో రెండేళ్ళు నా దగ్గరే చేశాడు. కారు తుడవడం తగ్గించాడు. వేగంగా పొమ్మన్నా పోయేవాడు కాదు. పల్లె నుంచి కబురొస్తే, ఎక్కే ముందు బానెట్ ఎత్తి ప్రతి వైరూ వేలితో తాకి చూసేవాడు. ఆ రెండు నిమిషాలు నేను సంచి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. తొందరపెట్టడానికి మనసొప్పేది కాదు. ఆలస్యమవుతోందని లోపల కొట్టుకుపోయేదాన్ని. తర్వాత దగ్గు ముదిరి మానేశాడు. మానేటప్పుడు, "మంచిగ ఉరకాలె అనుకున్ననమ్మా, గంతే" అన్నాడు. నాకు తెలుసన్నాను.

ఆ అమ్మాయి ఆ ఏడే వానాకాలం మొదలయ్యాక ఒక బుధవారం ఆసుపత్రికి వచ్చింది. కుట్లు చూపించడానికని వచ్చింది గాని అవి ఎప్పుడో మానాయి. చూసి, బాగున్నాయని చెప్పాను. బల్ల దిగి చీర సర్దుకుని, వెళ్ళకుండా నిలబడింది.

"అమ్మా, కారు ఆగినప్పుడు మీరు గొట్టం పెట్టి ఇన్నరు గద."

"నీకు గుర్తున్నదా? నిద్రల ఉన్నవనుకున్న."

"నిద్ర లేదు. అప్పుడు పాణం ఉండెనా?"

"ఉండె" అన్నాను.

"ఎట్లుండె సప్పుడు?"

 బల్ల మీద వేలితో కొట్టి చూపించాను. ఆ పొద్దున వాళ్ళ ఇంట్లో మొదటిసారి విన్నప్పుడు ఎట్లా ఉందో అట్లా. గట్టిగా, వడిగా. రోడ్డు మీద విన్నట్టు చూపించలేకపోయాను. అది తప్పో ఒప్పో నాకు ఈనాటికీ తెలియదు.

ఆమె నా వేలినే చూసింది. నేను ఆపాక కూడా కొంతసేపు బల్లవైపే చూసింది.

"నేను ఇనలే" అంది. "నాకు ఇనిపియ్యకపోతిరి."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒకటి చెప్పుకోవడానికి నాకు వీలయ్యేది. కొంగు తలమీదికి లాక్కుని వరండాలోకి నడిచింది. మెట్ల దగ్గర ఆమె భర్త సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సన్నటి తుంపర పడుతోంది. అతడు వెనక సీటు చేత్తో తుడిచాడు. ఆమె ఎక్కలేదు. ఇద్దరూ సైకిలును మధ్యలో పెట్టుకుని, ఊరివైపు నడుచుకుంటూ పోయారు.